మీ టీముకో రచ్చబండ: చర్చావేదిక సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

ఈ ఎపిసోడ్‌లో ఆఫీసు టీముకి చర్చావేదిక సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలో చూద్దాం. చర్చావేదిక అంటే పెద్ద విషయమేం కాదు. టీములో ఎవరికైనా సందేహం వస్తే అక్కడ రాస్తారు. తెలిసినవాళ్లు దాని కింద జవాబు రాస్తారు. ఆ ప్రశ్నా, ఆ జవాబూ అక్కడే ఉండిపోతాయి. రేపు అదే సందేహం ఇంకొకరికి వస్తే వెతుక్కుని చదువుకుంటారు. అంతే.

ఇలాంటివి ఓపెన్ సోర్స్‌లో చాలా ఉన్నాయి. దేనికి ఏ సదుపాయం ఉందో పట్టికలు కూడా దొరుకుతాయి. నేనిప్పుడు ఆ పట్టిక చదవబోవడం లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పనిచేసే టీములో ఏది నిలబడుతుంది, ఏది మూణ్నెల్లకే మూలపడుతుంది అన్నది చెప్తాను.

ముందు మా సంగతి. మా సంస్థ పల్లెల్లో ఆర్వో ప్లాంట్లకీ, బోరు మోటార్లకీ మరమ్మతులు చేస్తుంది. నేను కంప్యూటర్ల పని చూస్తాను. మొత్తం 36 మందిమి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి ఇటు రాజాం, బొబ్బిలి, సాలూరు దాకా తిరుగుతారు మావాళ్లు. ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బుల గురించి మీకు తెలిసిందే. అక్కడ శుద్ధి చేసిన నీళ్ల ప్లాంటు ఒకరోజు ఆగిందంటే ఆ ఊరికది చిన్న ఇబ్బంది కాదు. కాబట్టి మా కుర్రాడు అడిగిన ప్రశ్నకి జవాబు అరగంటలో దొరికిందా, రెండు రోజులు పట్టిందా అన్నది మాకు ముఖ్యం.

ఒక ఉదాహరణ చెప్తాను. "హైప్రెషర్ పంపు స్టార్ట్ అవుతోంది, నిమిషంలో ఆగిపోతోంది. పంపు పోయినట్టేనా?" ఇది మా దగ్గర తరచుగా వచ్చే ప్రశ్న. చాలాసార్లు పంపు బాగానే ఉంటుంది. దాని ముందున్న కార్ట్రిడ్జ్ ఫిల్టరు మట్టితో మూసుకుపోయి ఉంటుంది. పంపుకి నీళ్లు సరిగా అందవు, లో-ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. ఫిల్టరు మారిస్తే సరి. ఈ సంగతి తెలియకపోతే పంపు విప్పుతారు, బండి కట్టి శ్రీకాకుళం పంపిస్తారు, ఊళ్లో రెండు రోజులు నీళ్లుండవు.

ఈ జవాబు మా వాట్సాప్ గ్రూపులో చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ మా పెద్దమేస్త్రిగారే చెప్పారు. ఒకరోజు ఆయన నాతో అన్నారు: "ఇదే మాట ఎన్నిసార్లు సెప్పాలి బాబూ? నేను మానేసాక ఎవర్ని అడుగుతారు మీరు?" ఆయన వచ్చే ఏడాది పని మానేస్తున్నారు. ముప్పై ఏళ్ల పనితనం ఆయన బుర్రలో ఉంది, కొంత గ్రూపులో పండగ శుభాకాంక్షల కింద పూడుకుపోయి ఉంది. మేం చర్చావేదిక గురించి ఆలోచించడానికి అసలు కారణం ఇది.

వాట్సాప్ మానెయ్యమని నేను చెప్పను. "గేటు తాళం ఎవరి దగ్గరుంది?" లాంటివాటికి అంతకంటే మంచిది లేదు. కానీ రేపు కూడా పనికొచ్చే మాటకి అది చోటు కాదు. కొత్తగా చేరిన కుర్రాడికి మూడేళ్ల కిందటి జవాబు దాన్లో కనపడదు. ఫోను పోతే, బ్యాకప్ లేకపోతే, ఆ మాటలూ పోతాయి. "ఇప్పటికి" వాట్సాప్, "ఎప్పటికీ" చర్చావేదిక. ఈ విభజన ఒక్కటి టీముకి ఒంటబడితే సగం పని అయినట్టే.

సరే, ఓపెన్ సోర్సే ఎందుకు? ఉచితం కాబట్టి అనుకుంటారు చాలామంది. ఉచితం అన్నది చిన్న లాభం. అసలు లాభం చెప్పడానికి తెలుగువాళ్ల రెండు రచ్చబండల కథ చెప్తాను.

మొదటి రచ్చబండ యాహూ గ్రూప్స్‌లో ఉండేది. అమెరికాలోనూ, ఇతర చోట్లా ఉన్న తెలుగు సాహిత్యాభిమానులు అక్కడ ఛందస్సు గురించీ, పాత పుస్తకాల గురించీ, పదాల పుట్టుక గురించీ ఏళ్ల తరబడి చర్చించుకున్నారు. 2019 అక్టోబరులో యాహూ ఒక ప్రకటన చేసింది. డిసెంబరు 14 తర్వాత పాత సందేశాలు, ఫైళ్లు మా సైటులో ఉండవు, కావలసినవాళ్లు దింపుకోండి అని. 2020 డిసెంబరు 15న గ్రూప్స్ మొత్తం మూసేసింది. ఆ గ్రూపులన్నీ నడిపినవాళ్లు తప్పేం చెయ్యలేదు. మాటలు వాళ్లవి, స్థలం ఇంకొకరిది. స్థలం యజమాని ఖాళీ చెయ్యమన్నాడు.

రెండో రచ్చబండ తెలుగు వికీపీడియాలో ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సభ్యులు చర్చించుకునే పేజీ పేరు కూడా రచ్చబండే. అది మీడియావికీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. అందులోని పాఠ్యమంతా ఎవరైనా ఫైలుగా దింపుకోవచ్చు, అదే సాఫ్ట్‌వేర్ ఇంకోచోట పెట్టుకుని తెరుచుకోవచ్చు. పొరపాటున ఆ సైటు రేపు లేకపోయినా మాటలు పోవు.

పేరొకటే, అరుగులు రెండు. మన టీము మాటలు ఏ అరుగు మీద ఉండాలన్నదే ఇక్కడ ప్రశ్న. ఇంగ్లీషువాళ్లకి ఫ్రీ అనే మాట ఒక్కటే ఉంది. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఓపెన్ సోర్స్‌లో మనం తీసుకునేది స్వేచ్ఛ. డబ్బు కొంత ఖర్చవుతుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఎంపికకి వద్దాం. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా మేం నాలుగు ప్రశ్నలే వేసుకున్నాం. మీరూ రాసుకోండి.

ఒకటి, మనవాళ్లు ఫోనులో, తెలుగులో రాయగలరా? రెండు, సిగ్నల్ సరిగా లేని చోట చదవగలరా? మూడు, దీన్ని చూసుకునే మనిషి రేపు మానేస్తే ఇంకొకరు నడపగలరా? నాలుగు, మన మాటలన్నీ మూటగట్టుకుని ఇంకోచోటికి పోగలమా?

ఈ నాలుగింటితో ఒక్కొక్కటీ చూద్దాం.

పిహెచ్‌పిబిబి. 2000 సంవత్సరం నుంచి ఉంది. చవకగా దొరికే షేర్డ్ హోస్టింగ్ మీద కూడా హాయిగా నడుస్తుంది. పాత ఫోనులో కూడా పేజీ తొందరగా తెరుచుకుంటుంది. కంప్యూటర్ ముందు కూర్చునే టీముకి ఇప్పటికీ పనికొస్తుంది. మావాళ్లకి చూపిస్తే మాత్రం "ఇదేటి, బ్యాంకు సైటులా ఉంది" అన్నారు. ఫోను చేతిలో పట్టుకుని ప్లాంటు దగ్గర నిలబడి రాసే మనిషికి అది అలవాటు కావడం కష్టం.

ఫ్లారమ్. ఇదీ పిహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీదే నడుస్తుంది. 2021లో మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చింది. తేలిగ్గా, శుభ్రంగా ఉంటుంది, ఫోనులో బాగుంటుంది. మన ఆఫీసు వెబ్‌సైటు ఉన్న హోస్టింగ్‌లోనే చాలాసార్లు పెట్టుకోవచ్చు. ఒక జాగ్రత్త. అసలు సాఫ్ట్‌వేర్ చిన్నది, మిగతా సదుపాయాలు చాలావరకు బయటివాళ్లు రాసిన ఎక్స్‌టెన్షన్ల నుంచి వస్తాయి. పెద్ద వెర్షన్ మారినప్పుడు అవన్నీ కలిసొస్తున్నాయో లేదో చూసుకోవాలి. పది, పదిహేను మంది ఉన్న టీముకీ, సర్వర్ జోలికి పోలేని ఆఫీసుకీ నేను ముందు దీన్నే చూడమంటాను.

నోడ్‌బీబీ. నోడ్‌జేఎస్ మీద నడుస్తుంది. బాగా చురుకైనది, ఎవరైనా రాసింది రాసినట్టే ఎదుటివాళ్ల తెర మీద కనపడుతుంది. మీ దగ్గర నోడ్‌జేఎస్ తెలిసినవాళ్లుంటే మంచి ఎంపిక. మూడో ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఆ తెలిసిన మనిషి మానేస్తే?

జూలిప్. ఇది చర్చావేదిక కాదు, చాట్. కానీ మామూలు చాట్ కాదు. ప్రతి మాటకీ ఒక అంశం పేరు ఉంటుంది, కాబట్టి మోటారు గురించి మాట్లాడుతుంటే మధ్యలో జీతాల సంగతి దూరదు. రోజంతా కంప్యూటర్ల ముందు ఉండే సాఫ్ట్‌వేర్ టీముకి నాకిది చాలా ఇష్టం. దీన్ని సొంత సర్వర్ మీద పెట్టుకున్నా, ఫోనుకి నోటిఫికేషన్ రావాలంటే వాళ్ల సేవ గుండానే రావాలి. ఎంతమంది వరకు ఉచితం అన్న నిబంధనలు ముందే చదువుకోండి.

చివరగా డిస్కోర్స్. 2013లో మొదలైంది. జిపిఎల్ లైసెన్సు. ఈ చర్చావేదికల్లో బరువైనది ఇదే. షేర్డ్ హోస్టింగ్ మీద నడవదు, సొంత సర్వర్ కావాలి. కనీసం 1 జీబీ మెమరీ, దానికి తోడు స్వాప్ ఉండాలి. 2 జీబీ ఉంటే నిశ్చింత. డాకర్ ద్వారా ఇన్‌స్టాల్ చెయ్యాలి. చవక ఫోనుల్లో మొదటిసారి తెరుచుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది.

ఇన్ని చెప్పీ, మేం తీసుకున్నది డిస్కోర్సే. ఎందుకో చెప్తాను.

రెండో ప్రశ్న వల్ల. సీతంపేట కొండల్లో, పాచిపెంట పైన మావాళ్లు పనిచేస్తుంటే సిగ్నల్ వస్తుంది, పోతుంది. డిస్కోర్స్‌లో కొత్త ప్రశ్నలూ, జవాబులూ ఈమెయిల్‌గా పంపే ఏర్పాటు ఉంది. పొద్దున్న టెక్కలిలో సిగ్నల్ ఉన్నప్పుడు మెయిల్ ఫోనులోకి దిగిపోతే, కొండ మీద సిగ్నల్ లేకపోయినా చదువుకోవచ్చు. ఆ మెయిల్‌కే జవాబు కొడితే, సిగ్నల్ దొరికినప్పుడు అది వెళ్లి ఆ ప్రశ్న కిందే చేరుతుంది. మళ్లీ సైటు తెరవక్కర్లేదు.

నాలుగో ప్రశ్న వల్ల. మాటలు, ఫోటోలు, సభ్యుల వివరాలు అన్నీ కలిపి ఒకే బ్యాకప్ ఫైలుగా దిగుతాయి. కొత్త సర్వర్ మీద ఆ ఫైలు ఎక్కిస్తే పాత వేదిక యథాతథంగా లేచి నిలబడుతుంది. మేం దాన్ని ఎంచుకునే ముందే ఇది చేసి చూశాం. మీరు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా సరే, టీముని పిలవకముందు ఈ పరీక్ష పెట్టండి. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ని బ్యాకప్ అనకూడదు.

ఖర్చు సంగతి. మా సర్వరుకి నెలకి సుమారు వెయ్యి రూపాయలవుతోంది. డొమైన్ పేరుకి ఏడాదికోసారి కట్టాలి. అందరూ మర్చిపోయేది మెయిల్ ఖర్చు. చాలా క్లౌడ్ కంపెనీలు సర్వర్ నుంచి నేరుగా మెయిల్ పంపనివ్వవు. మెయిల్ పంపే సేవ ఒకటి విడిగా తీసుకోవాలి, డొమైన్‌లో దానికి సంబంధించిన రికార్డులు పెట్టాలి. ఇది సరిగా లేకపోతే ఆహ్వానాలన్నీ స్పామ్‌లోకి పోతాయి. "లింకు రాలేదు" అని ముప్పై మంది ఫోన్ చేస్తారు. ఇన్‌స్టాల్ చెయ్యడానికి ఒక పూట చాలు, మెయిల్ సరిచేసుకోవడానికి రెండు రోజులు పెట్టుకోండి.

సర్వర్ ఎక్కడుండాలి? మన ప్రాంతం వాళ్లకి ఈ ప్రశ్న ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లెన్నో. ఆఫీసు గదిలో పాత కంప్యూటర్‌ని సర్వర్ చేస్తే డబ్బు మిగులుతుంది అనిపిస్తుంది. తుఫాను తర్వాత మోటార్లన్నీ ఒకేసారి పాడైన రోజునే, అంటే జవాబులు ఎక్కువ అవసరమైన రోజునే, ఆ కంప్యూటర్ చీకట్లో ఉంటుంది. కాబట్టి సర్వర్ బయట డేటా సెంటర్‌లో ఉండాలి. బ్యాకప్ రోజూ ఇంకో కంపెనీ దగ్గరికి దానంతటదే పోవాలి. ముఖ్యమైన ఒక ఇరవై జవాబులు కాగితం మీద ప్రింటు తీసి ప్రతి బండిలో ఒక ప్రతి ఉంచాం. టవర్లన్నీ పడిపోయిన రోజున కాగితమే దిక్కు.

ఇప్పుడు తెలుగు సంగతి. దీని గురించి ఇంగ్లీషు వీడియోల్లో ఎవరూ చెప్పరు. కాస్త శ్రద్ధగా వినండి.

డిస్కోర్స్‌లో బటన్లు, మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగిలిపోతాయి, పర్వాలేదు. తెలుగులో శీర్షిక రాస్తే లింకులో ఆ శీర్షిక రాదు, టాపిక్ అన్న మాటా, ఒక అంకే వస్తాయి. సెట్టింగుల్లో మార్చుకునే వీలుంది. మేం అలాగే వదిలేశాం, ఫోనులో పంపుకోవడానికి పొట్టి లింకే మంచిది. శీర్షికకి కనీసం 15 అక్షరాలు, ప్రశ్నకి కనీసం 20 అక్షరాలు అని మొదట్లో నియమం ఉంటుంది. "మోటారు కాలింది" అని రాసిన మనిషిని "ఇంకా రాయి" అని యంత్రం అడిగితే అతను మళ్లీ రాడు. ఆ అంకెలు తగ్గించండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు వెతుకులాట. డిస్కోర్స్ వెనక పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఉంటుంది. ఇంగ్లీషులో ఒక పదానికి ఉన్న రకరకాల రూపాలు ఒకటేనని దానికి తెలుసు. హిందీకీ, తమిళానికీ ఆ ఏర్పాటు ఉంది. తెలుగుకి లేదు. మన భాషలో ఫిల్టరు, ఫిల్టర్లు, ఫిల్టర్లో, ఫిల్టరుకి అని ఒకే మాట ఎన్ని రూపాలు మారుతుందో చూడండి. యంత్రానికి అవన్నీ వేరువేరు మాటలు. దీనికో చిట్కా. పదం పూర్తిగా కొట్టకుండా "ఫిల్ట" వరకే కొట్టి వెతకమని మావాళ్లకి చెప్పాం. పదం మొదలు కలిస్తే చాలావరకు దొరుకుతాయి.

ఇంకో సంగతుంది. ఒకరు "మోటారు ఎత్తడం లేదు" అంటారు, ఇంకొకరు "నీళ్లు ఎత్తట్లేదు" అంటారు, మరొకరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. అందరూ ఒకే రకంగా రాయాలని రూలు పెడదామా అని మా ఆఫీసులో చర్చ వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తిగారు పుట్టింది మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన ఊరివైపు వాళ్లం, పుస్తకాల భాష రాకపోతే ప్రశ్న అడగొద్దు అంటామా? ఎవరి మాటలో వాళ్లు రాస్తారు. వారానికి ఇద్దరు చొప్పున వంతులవారీగా ఆఫీసువాళ్లు కూర్చుని, ప్రతి ప్రశ్నకీ సరైన ట్యాగు తగిలిస్తారు. వెతకడం ట్యాగుతో జరుగుతుంది, రాయడం నోటి మాటతో జరుగుతుంది.

వాయిస్ మెసేజీల సంగతి కూడా ఇంతే. మా పెద్దమేస్త్రిగారు టైపు చెయ్యరు, మాట్లాడతారు. ఆ గొంతుని యంత్రం వెతకలేదు. అందుకని ఆయన చెప్పింది విని, పక్కనున్న కుర్రాడు రెండు మూడు వాక్యాల్లో రాసి, ఆయన పేరుతో పెడతాడు. రాసిన కుర్రాడికి పాఠం వస్తుంది, టీముకి జవాబు మిగులుతుంది.

వర్గాలు ఎలా పెట్టాలి? చాలామంది జిల్లాల వారీగా, మండలాల వారీగా పెడతారు. వద్దండీ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. శ్రీకాకుళంలో ఉన్న రాజాం విజయనగరంలోకి వెళ్లింది. పాలకొండ, సీతంపేట, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరుతో గూళ్లు కట్టుకుని ఉంటే ఆ రోజు అన్నీ సర్దుకోవాల్సి వచ్చేది. పంపు చెడిపోవడానికి జిల్లా సరిహద్దుతో పని లేదు. కాబట్టి మోటార్లు, ఫిల్టర్లు, కరెంటు ప్యానెల్, బిల్లులు, సెలవులు, ఇలా పనిని బట్టి ఐదారు వర్గాలు చాలు. ఊరి పేరు ట్యాగుగా పెట్టండి.

వేదికని లాగిన్ అయితేనే కనపడేలా పెట్టండి. ఫోటోల్లో ఊరివాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్ కాగితాలు రాకుండా చూసుకోండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, అవి మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు.

ఇక మూడో ప్రశ్న మిగిలింది. చూసుకునే మనిషి మానేస్తే? ఇది ఏ సాఫ్ట్‌వేరూ తీర్చదు. మా దగ్గర సర్వర్, డొమైన్, మెయిల్ సేవ మూడూ సంస్థ పేరు మీద ఉన్నాయి, నా పేరు మీద లేవు. పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర ఉన్నాయి. అప్‌డేట్ ఎలా చెయ్యాలో, బ్యాకప్ ఎలా ఎక్కించాలో ఒక పేజీలో తెలుగులో రాసి పెట్టాం. మూడు నెలలకోసారి నేను చెయ్యి పెట్టకుండా రెండో మనిషి ఆ పేజీ చూసి చేస్తారు. ఆయన ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆ పేజీని సరిచేస్తాం.

అంతా బాగుందా అంటే, పూర్తిగా బాగా లేదు. 36 మందిలో రోజూ రాసేవాళ్లు పదిమందే. మిగతావాళ్లు చదువుతారు. కొందరు ఇంకా వాట్సాప్‌లోనే అడుగుతారు. అప్పుడు మేం అక్కడ జవాబు చెప్పం, వేదికలో ఉన్న జవాబు లింకు పంపుతాం. జవాబు లేకపోతే వేదికలో రాసి ఆ లింకు పంపుతాం. విసుక్కోకుండా ఇది చెయ్యడానికి టీములో ఒక ఓర్పున్న మనిషి కావాలి. అలాంటి మనిషి లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఖాళీ అరుగే.

క్లుప్తంగా చెప్తాను. ఐదారుగురే ఉన్న ఆఫీసైతే చర్చావేదిక అక్కర్లేదు, అందరూ చూడగలిగే ఒక ఫైలు చాలు. చిన్న టీము, మామూలు హోస్టింగ్ అయితే ఫ్లారమ్. రోజంతా కంప్యూటర్ ముందుండే టీమైతే జూలిప్. ఊళ్లు తిరిగే టీము, నెలకి వెయ్యి పెట్టగలిగితే, చూసుకునేందుకు ఇద్దరుంటే డిస్కోర్స్. ఫ్లారమ్‌తో మొదలుపెట్టి తర్వాత పెరిగినా భయం లేదు, అక్కడి మాటల్ని డిస్కోర్స్‌లోకి తెచ్చుకునే స్క్రిప్టులున్నాయి.

ఏది ఎంచుకున్నా, ఈ వారం సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ఒక పని చెయ్యండి. మీ వాట్సాప్ గ్రూపులో గత ఆరు నెలల్లో మళ్లీ మళ్లీ అడిగిన ఇరవై ప్రశ్నలు రాసుకోండి. జవాబులు తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని రాయించుకోండి. వేదిక తెరిచిన రోజున అవి దాన్లో ఉండాలి. ఖాళీ అరుగు మీద ఎవరూ వచ్చి కూర్చోరు, నలుగురు మాట్లాడుతుంటే ఐదోవాడు ఆగి వింటాడు.

వచ్చే ఎపిసోడ్‌లో మెయిల్ రికార్డులు ఎలా పెట్టాలో, బ్యాకప్ తిరిగి ఎలా ఎక్కించాలో తెర మీద చేసి చూపిస్తాను. ఆ ఇరవై ప్రశ్నల కాగితం దగ్గర పెట్టుకుని రండి.